నాన్న మాట్లాడని ఎండాకాలం

మొన్న ఎండాకాలంలో ఒకరోజు పొద్దున్నే వన్ టౌన్ వెళ్ళాను. మా చిన్నప్పటి సందు పక్కనున్న రామకోవెలని పడగొట్టి కొత్తగా కట్టారనీ, ప్రతిష్ఠకి తప్పకుండా రావాలనీ అప్పలకొండ మావయ్య కొడుకు ఒకటికి రెండుసార్లు ఫోన్ చేశాడు. గోపాలపట్నం నుంచి బస్సెక్కి, దిగి, మా సందు గుర్తుపట్టడానికే కాసేపు తికమకపడ్డాను. కోవెల బావుంది. నేలంతా చలవరాయి, నాలుగు మూలలా నాలుగు స్పీకర్లు. పక్కనున్న ఆవిడ నన్నేదో అడుగుతోంది, పెదాలు కదలడమే కనిపిస్తోంది గాని మాట వినపడటం లేదు. దేవుడికి దణ్ణం పెట్టుకుని ఉత్తరపు గోడవైపు చూశాను. ఒకప్పుడు ఆ గోడ వారన భజన చాపలు చుట్టి నిలబెట్టేవారు. ఆ చాపల పక్కన మా నాన్న కూర్చునేవాడు. ఇప్పుడక్కడ ప్రసాదం పొట్లాలు అమ్మే బల్ల వేశారు. అక్కడ నిలబడలేక బయటికొచ్చి ఎదురింటి అరుగు మీద కూలబడ్డాను. నేను తొమ్మిదో తరగతి పరీక్షలు రాసిన ఆ ఎండాకాలం, మా ఇంట్లో నాన్న మాట వినపడని ఎండాకాలం, ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ కడుపులోకి వచ్చి కూర్చుంది.

మా నాన్న సన్యాసిరావు పోర్టులో మేస్త్రీ. వాళ్ళది అచ్యుతాపురం వైపు పల్లె, మెట్టసేద్యం. వానలు వరసగా మొహం చాటేస్తే ఊరొదిలి పోర్టు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఓడ పైన నిలబడి, అడుగున సరుకు కట్టే కూలీలకీ, క్రేను నడిపే మనిషికీ మధ్య మాట అందించడం ఆయన పని. అంత ఎత్తు నుంచి, అన్ని యంత్రాల రొదలో కేక వేస్తే అడుగున ఉన్నవాడికి వినపడాలి. వినపడేది. కేక అందని చోట చేతులతో చెప్పేవాడు. చూపుడువేలు పైకి తిప్పితే ఎత్తమని, అరచెయ్యి బోర్లించి మెల్లగా కిందికి తెస్తే నిదానంగా దించమని, పిడికిలి బిగిస్తే ఆపమని. శనివారం సాయంత్రం అయ్యేసరికి అదే గొంతు రామకోవెల్లో భజన ఎత్తుకునేది. నాన్న ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకునేవారు. ఆయనకి బావ వరసయ్యే అప్పలకొండ మావయ్య మృదంగం వాయించేవాడు. సందు మొగలో బట్టలు కుట్టే ఖాదర్ బాబాయి మిషను తొక్కడం ఆపేసి వినేవాడు. “ఓడకీ దేముడికీ ఒకటే గొంతుతో సరిపెట్టేత్తన్నావు గదా బావా” అని మావయ్య వేళాకోళమాడితే నాన్న ఇంకా గట్టిగా నవ్వేవాడు.

మాది గట్టిగా మాట్లాడుకునే ఇల్లు. రెండు గదుల పెంకుటిల్లు, వెనక చిన్న దొడ్డి. తెల్లారేసరికి అమ్మ గంజి వార్చిన వాసన, దొడ్లో నాయనమ్మ నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే చుట్ట అడ్డపొగ వాసన, గాలి అటునుంచి తిరిగితే ఎండుచేపల వాసన. ఆరేసిన తెల్లబట్టల మీద పోర్టు నుంచి కొట్టుకొచ్చిన ఎర్రటి ఇనపఖనిజం దుమ్ము పడేది, అమ్మ ఆ దుమ్ముని పేరు పేరునా తిట్టేది. వీటన్నిటికంటే ముందు నాన్న గొంతు సవరించుకునే చప్పుడు. దానికే మేం లేచేవాళ్ళం. ఆయన దొడ్లోంచి అరిచి అడిగేవాడు, అమ్మ వంటగదిలోంచి అరిచి బదులిచ్చేది. కొత్తగా వచ్చినవాళ్ళు దెబ్బలాడుకుంటున్నారనుకునేవారు.

ఆ గొంతు శివరాత్రి జాగారం భజన తర్వాత బొంగురుపోయింది. మొదట ఎవరూ పట్టించుకోలేదు. అమ్మ మిరియాల కషాయం ఇచ్చింది, తాటిబెల్లం పాకం ఇచ్చింది, పిప్పళ్ళు తేనెలో రంగరించి నాకించింది. ఉగాది వెళ్ళింది, శ్రీరామనవమి వెళ్ళింది, బొంగురు వెళ్ళలేదు. నవమి పందిట్లో నాన్న పాట ఎత్తుకోబోతే గాలి మాత్రమే బయటికొచ్చింది. అందరూ దగ్గు అడ్డొచ్చిందనుకుని ఆగారు. రెండోసారీ అంతే. అప్పలకొండ మావయ్య మృదంగం మీద చెయ్యి పెట్టి నాన్న వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తు. ఆ వారంలోనే ఓడ మీద కేక వెయ్యబోతే నోరు తెరుచుకుంది గాని మాట రాలేదట. చెయ్యి ఎత్తబట్టి కింద ఉన్నవాళ్ళు సరుకు మీద పడకుండా తప్పుకున్నారట. ఆ సంగతి మాకు చెప్పింది మావయ్యే. నాన్న ఆరోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

మర్నాడే పెద్దాసుపత్రికి వెళ్ళారు. డాక్టరుగారు గొంతులోకి చిన్న అద్దం పెట్టి చూశారు. గొంతు తీగ మీద ఏదో కాయలా పెరిగిందన్నారు. కొన్నాళ్ళకి పిలిచి అది కోసి, ముక్క పరీక్షకి పంపించారు. ఆయన చెప్పిన మాటలు రెండే. పరీక్ష ఫలితం రావడానికి ఆలస్యమవుతుంది, అప్పటిదాకా మాట్లాడకూడదు. గుసగుసగా కూడా. గుసగుసలే గొంతుకి ఇంకా చెడుపన్నారు. అమ్మ ఇంటికొచ్చి నాయనమ్మకి ఈ మాటలు చెప్పింది గాని, ముక్క దేనికోసం పరీక్ష చేస్తున్నారో చెప్పలేదు. నాయనమ్మా అడగలేదు. రాచపుండు అని గాని, క్యాన్సరని గాని మా ఇంట్లో ఎవరూ పలకలేదు. పలకకపోవడం వల్లనే అది గది మధ్యలో పీట వేసుకు కూర్చున్నట్టుండేది. అంతకుముందు ఏడాదే మా వెనక వీధిలో ఒక ముసలాయన ఆ జబ్బని తెలిసిన వారంలోపే తెల్లవారుజామున సముద్రంలోకి నడిచి వెళ్ళిపోయాడు.

నాన్న ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడటం మొదలుపెట్టాడు, ఓడ మీద లాగే. పొయ్యి మీద పాలు పొంగుతుంటే అరచెయ్యి బోర్లించి కిందికి చూపించేవాడు. మేం నవ్వడానికి ప్రయత్నించేవాళ్ళం. ఆయన మాట్లాడకపోతే మాకూ మాట్లాడబుద్ధి కాక ఇల్లంతా గుసగుసలయిపోయింది. ఖాదర్ బాబాయి కొట్లో రోజంతా మోగే రేడియో కూడా ఆగిపోయింది. నేను జాకెట్టు గుడ్డ ఇవ్వడానికి వెళ్ళి ఎందుకు కట్టేశావని అడిగితే, “పాటింటే అన్నకి పాడాలనిపిస్తాది కదమ్మా. నోరు జారితే ఎలాగ?” అన్నాడు. నాకు రోజూ పొద్దున కడుపులో నొప్పి వచ్చేది. బడికి సెలవులు, చెప్పుకోవడానికి స్నేహితులూ లేరు. నాన్న దగ్గితే చేస్తున్న పని వదిలేసి చూసేదాన్ని. ఆయన తుపుక్కున ఉమ్మితే వెళ్ళి ఎర్రగా ఉందేమోనని చూసి వచ్చేదాన్ని.

నాయనమ్మ మాత్రం నోరు కట్టుకోలేదు. సింహాద్రి అప్పన్నకి తలనీలాలు మొక్కింది, ఊరి అమ్మవారికి కోడిని మొక్కింది, ఎవరో చెప్పారని తావీదు తెచ్చి కట్టబోయింది. ఒకరోజు కొడుకు ఎదురుగా కూర్చుని నిలదీసింది.

“ఓరి నాయనా, నోరు తెరిసి అడక్కపోతే దేముడికెలాగ తెలుస్తాదిరా? నోటికి తాళం ఎయ్యమన్నాడు గాని మనసుకి ఎయ్యమన్లేదు గదా డాక్టరు. అడుగుతన్నావా లేదా?”

నాన్న ఆవిడ చెయ్యి తీసుకుని తావీదు కట్టించుకున్నాడు. అడుగుతున్నాననీ సైగ చెయ్యలేదు, లేదనీ చెయ్యలేదు. అమ్మకి అదే నచ్చేది కాదు. ఆయన ఏడిస్తే బావుణ్ణు, కంచం విసిరేస్తే బావుణ్ణు అనుకునేది.

శనివారం వచ్చింది. అప్పలకొండ మావయ్య గుమ్మం దగ్గరే నిలబడి లోపలికి రావడానికి జంకాడు. “బావా, నువ్వు లేకుండా పాడితే తప్పేమో. ఆపేద్దావేటి?” అన్నాడు. నాన్న చూపుడువేలు పైకి ఎత్తి గిర్రున తిప్పాడు. మావయ్య కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. కాసేపటికి మృదంగం వినపడింది, ఎవరో సన్నటి గొంతుతో ఎత్తుకున్నారు, శ్రుతి కుదరలేదు. అమ్మ విసురుగా లేచి తలుపు వేసేసింది. నాన్న వెళ్ళి తీశాడు. గుమ్మంలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. ఆయన గొంతు ముడి పైకీ కిందికీ ఆడటం చూసి నేను బిగుసుకుపోయాను. ఇప్పుడు పాడేస్తాడు, కోసిన చోట తెగిపోతుంది, అంతా అయిపోతుంది అని. నాన్న రెండు చేతులూ తన గొంతు మీద వేసి, పిట్టని పట్టుకున్నట్టు పట్టుకుని, భజన అయ్యేవరకూ అలాగే ఉన్నాడు.

ఆ తర్వాత నుంచే ఆయన తెల్లవారకముందే లేచి ఎటో వెళ్ళిపోవడం మొదలైంది. రెండు రోజులు చూసి మూడోనాడు అమ్మ నన్ను తట్టి లేపింది. మొహం పాలిపోయి ఉంది.

“రవణా, లెగు. మీ నాన్న ఎనకాల ఎల్లు. కనపడకుండా ఎల్లు.”

“ఎక్కడికెల్తన్నాడే?”

“నాకేటి తెలుసు? ఒడ్డుకెల్తన్నాడేమోనని నాను సచ్చిపోతన్నాను. బేగి ఎల్లు గుంటా.”

అమ్మ ఎందుకు భయపడుతోందో అడగక్కర్లేకపోయింది. వెనక వీధి ముసలాయనే నాకూ గుర్తొచ్చాడు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. నాన్న లుంగీ కట్టుకుని, మెడచుట్టూ తువ్వాలు చుట్టుకుని ముందు నడుస్తున్నాడు. సందు చివర దారి రెండుగా చీలుతుంది. ఒకటి సముద్రం వైపు, ఒకటి కోవెల వైపు. నాన్న ఆ మలుపు దగ్గర ఆగాడు. సముద్రం వైపే చూస్తూ నిలబడ్డాడు. నేను ఖాదర్ బాబాయి కొట్టు తలుపుకి అంటుకుపోయి, అరవాలా వద్దా, అరిస్తే ఏమని అరవాలి అనుకుంటూ చూస్తున్నాను. ఎంతసేపు నిలబడ్డాడో తెలీదు. తర్వాత కోవెల వైపు తిరిగాడు.

భజన బృందానికి పెద్ద కాబట్టి కోవెల తాళంచెవి ఒకటి ఆయన దగ్గరుండేది. తలుపు తీసుకుని లోపలికెళ్ళాడు. నేను వెళ్ళి చీకట్లోకి తొంగి చూశాను. పూజారి ఇంకా రాలేదు. దేవుడి ముందు తెర వేసే ఉంది. దీపం లేదు. నాన్న చాపల పక్కన గోడకి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అంతే. జపం లేదు, దణ్ణం లేదు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. చెప్పుల్లేని నా కాళ్ళు చూశాడు. అమ్మ పంపిందని అర్థమైందనుకుంటాను, ఆయన మొహంలో ఏదో కదిలింది. పక్కన చోటు చూపించాడు.

కూర్చున్నాను. కూర్చున్న వెంటనే నాకొచ్చిన దేవుడి పేర్లన్నీ గబగబా అనుకోవడం మొదలుపెట్టాను. నాన్నని బతికించు, నాన్నని బతికించు. పెదాలు చప్పుడు చేశాయేమో, నాన్న నా మోకాలి మీద పిడికిలి ఆనించాడు. ఆపమని. ఆపాను. ఆపగానే భయం ఇంకా పెద్దదైంది. అంతవరకూ నామాల వెనకాల దాక్కున్నదల్లా ఎదురుగా వచ్చి నిలబడింది. నాన్న చచ్చిపోవచ్చు అన్న మాట మొదటిసారి మనసులో పూర్తిగా అనుకున్నాను. పారిపోవాలనిపించింది. పక్కన నాన్న ఊపిరి నిదానంగా వినపడుతోంది. పాత నూనె, కర్పూరం, తడి చాపల వాసన. ఎక్కడో ఓడ కూత. బల్లి. కాకులు. తెర వెనకాల ఉన్నవాడు కూడా ఏమీ అనలేదు. ఏ వెలుగూ రాలేదు, ఏ ధైర్యమూ రాలేదు. పూజారి వచ్చి మమ్మల్ని చూసి, నీళ్ళ బిందె దించుకుని తన పని చేసుకున్నాడు. లేచి వస్తున్నప్పుడు గమనించాను, కడుపులో నొప్పి లేదు. ఇల్లు చేరేసరికి మళ్ళీ మొదలైంది, అది వేరే సంగతి.

అమ్మకి చెబితే ముందు గోడకి జారబడి ఏడ్చింది, తర్వాత కోపమొచ్చింది. “తెర ఏసున్న దేముడి ముందు కూకుని ఏటి సేత్తన్నాడే? దేముడేటైనా పలకరించేడా? ఇక్కడ నాను మాత్తరం మడిసిని కానేటి, నా కాడ కూకోడానికి?” ఆ మాట నాన్న చెవిన పడింది. ఆ రోజు పగలంతా ఆయన వంటగది గుమ్మంలో అమ్మ పక్కనే కూర్చున్నాడు. అమ్మ చింతపండు పిక్క తీస్తూ ఒక్కతే మాట్లాడింది, మధ్యలో ఆగి ముక్కు చీదుకుంది, మళ్ళీ మాట్లాడింది. మర్నాటి నుంచి నేను రోజూ నాన్నతో కోవెలకి వెళ్ళేదాన్ని. కొన్ని రోజులు కూర్చోగలిగేదాన్ని, కొన్ని రోజులు కళ్ళు మూసుకుంటే చాలు, పాడె కనిపించేది. ఆ రోజుల్లో నాన్న వైపు జరిగి ఆయన తువ్వాలు కొస పట్టుకునేదాన్ని.

ఫలితం కోసం రెండుసార్లు వెళ్ళి రాలేదనిపించుకుని తిరిగొచ్చాం. మూడోసారి ఆసుపత్రి వరండాలో జనం తొక్కిసలాట. మందుల వాసన, పసిపిల్లల ఏడుపులు, లోపల్నుంచి పేర్లు పిలిచే మనిషి అరుపులు. అమ్మ కూర్చోలేకపోయింది. తలుపు దగ్గరికి వెళ్ళడం, రావడం. “ఇంతసేపేటి? మంచి కబురైతే బేగి సెప్పేద్దురు కదా” అని నన్నే నాలుగుసార్లు అడిగింది. ఒకసారి తిరిగొస్తుంటే నాన్న ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపి, బల్ల మీద తన పక్కన కూర్చోబెట్టాడు. ఎదురుగా తన అరచెయ్యి బోర్లించి, ఎంతో బరువున్న సరుకుని దించుతున్నట్టు నిదానంగా, చాలా నిదానంగా కిందికి తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టాడు. అమ్మ ఆ చేతినే చూస్తూ కూర్చుంది. ఆవిడ భుజాలు కిందికి దిగడం నేను చూశాను. ఆ గోలలో మేం ముగ్గురం మాట్లాడకుండా కూర్చున్నాం. పేరు పిలిచేవరకూ అమ్మ మళ్ళీ లేవలేదు.

డాక్టరుగారు కాయితం చూసి, కళ్ళద్దాలు తీసి, “చెడ్డ జబ్బు కాదు” అన్నారు. అమ్మకి అర్థం కాలేదు. మళ్ళీ అన్నారు. తర్వాత నాన్న గొంతులోకి అద్దం పెట్టి చూసి, మానిందనీ, ఇప్పుడు ఒక మాట మాట్లాడమనీ చెప్పారు. నాన్న నోరు తెరవలేదు. ఆయన మొహంలో భయం నేను అప్పుడే చూశాను. సముద్రం మలుపు దగ్గర కూడా అంత భయపడి ఉండడు. మాట రాకపోతే? డాక్టరుగారు, “ఏదో ఒకటి అనవయ్యా” అన్నారు. నాన్న అమ్మ వైపు తిరిగి, చిల్లుపడ్డ తోలుతిత్తి ఊదినట్టున్న గొంతుతో, “ఆకలేత్తందే” అన్నాడు. అమ్మ ఆ గదిలోనే కొంగు నోట్లో కుక్కుకుని భోరుమంది.

ఆ గొంతు అలాగే ఉండిపోయింది. మాట్లాడొచ్చు గాని అరవకూడదు, పాడకూడదు. పోర్టులో ఓడ మీద నుంచి గిడ్డంగి పనికి మార్చారు. శనివారాలు భజనకి వెళ్ళేవాడు, తాళాలు వాయించేవాడు, పాట ఎత్తుకునేది వేరేవాళ్ళు. అది చూసి వచ్చిన రోజు అమ్మ అన్నం తినేది కాదు. డాక్టరు ఆర్నెల్లకోసారి వచ్చి చూపించుకోమన్నారు, ఆ కాయ మళ్ళీ రావచ్చు కాబట్టి. ఆ తర్వాత ఎన్నేళ్ళయినా, నాన్న భోజనం మధ్యలో పొలమారితే ఇంట్లో అందరి చేతులూ కంచాల్లోనే ఆగిపోయేవి. ఇప్పుడు ఆసుపత్రుల్లో పరీక్షల ఫలితాలు సాయంత్రానికల్లా ఫోన్‌కే వస్తున్నాయి. మంచిదే. ఒంట్లో బాగాలేదంటే చాలు, తెలిసినవాళ్ళంతా ఫోన్లోనే శ్లోకాలు, దేవుళ్ళ బొమ్మలు, ఇన్నిసార్లు చదవమన్న మంత్రాలు పంపిస్తారు. నేనూ పంపిస్తాను. అవి చదువుతూ, పంపుతూ, మళ్ళీ ఎవరేం పంపారో చూసుకుంటూ గడిపేస్తాం. భయపడటానికి కూడా ఇప్పుడు తీరిక లేదు. ఆ భయం మాత్రం లోపల ఎక్కడో అలాగే ఉంటోంది, ఎవరూ పలకరించక.

ఆ రోజుల్లో కోవెల్లో కూర్చుని ఏం అడిగేవాడో నాన్నని ఒక్కసారే అడిగాను. అప్పటికి నాకు పెళ్ళయి గోపాలపట్నం కాపురానికొచ్చాను. మా ఆయనకి గాజువాక అవతల స్టీల్‌ప్లాంట్ కట్టుబడిలో పని. మా పెద్దాడికి నడక వచ్చిన ఏడాది టైఫాయిడ్ తగిలింది. ఎంతకీ జ్వరం దిగదు. కబురు తెలిసి నాన్న బస్సెక్కి వచ్చాడు. మిట్టమధ్యాహ్నం, కరెంటు లేదు, పిల్లాడు చెమటపట్టకుండా కాలిపోతున్నాడు. నాన్న తడిగుడ్డ మార్చి, మంచం పక్కన నేల మీద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నేను విసనకర్ర విసురుతూ నోటికొచ్చిన మొక్కులన్నీ మొక్కుతున్నాను. ఆయన అలా ఊరికే కూర్చోవడం చూస్తే నాకు ఒళ్ళు మండింది.

“ఏదో ఒకటి అడుగు నాన్నా. నా కోసం అడుగు. అప్పుడు నీ కోసం ఏటి అడిగేవాడివి?”

నాన్న పిల్లాడి నుదుటి మీద తడిగుడ్డ తిరగేశాడు.

“ఏటీ అడగలేదమ్మా” అన్నాడు ఆ బొంగురు గొంతుతోనే. “అడుగుదావంటే గొంతు లేదు. మనసులో అడుగుదావని సూత్తే అక్కడ భయం తప్ప ఏటీ లేదు. మరేటి సేత్తాను? ఊరికే కూకున్నాను. కొన్నాళ్ళకి, తెర ఎనకాల ఆయనా ఊరికే కూకున్నాడనిపించింది.”

“బాగవుతాదని సెప్పేడా?”

“లేదు. అదే సెప్పలేదు. ఉన్నాడు, అంతే.”

పిల్లాడికి జ్వరం ఆ రోజు దిగలేదు, ఆ మర్నాడూ దిగలేదు. తర్వాత దిగింది. వాడికిప్పుడు నడివయసు. కాని ఆ మధ్యాహ్నం నాకు అవేమీ తెలీదు. విసనకర్ర పక్కన పెట్టి నాన్న పక్కన గోడకి జారబడ్డాను. నా నోరు ఇంకా మొక్కుతూనే ఉంది. నాన్న ఆపమనలేదు. చాలాసేపటికి అది దానంతటదే ఆగింది. అప్పుడు పిల్లాడి ఊపిరి వినపడింది.